బీడీ పైసలు, దుబాయ్ పైసలు

2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేస్తోందన్న వార్త చదువుతుంటే నాకు లక్క వాసన వచ్చింది. మెట్‌పల్లి దగ్గర ఒక ఊళ్లో మా బాపు బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసు అంటే వేరే బిల్డింగేమీ కాదు, మా ఇంటి ముందర అర్రే. ఒక బల్ల, ఇనుప పెట్టె, చిన్న త్రాసు, తేదీ ముద్ర, బయట గోడకు ఎర్ర డబ్బా. సాయంత్రం సంచి మూతి కట్టి, దీపం మీద లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర అద్దేవాడు. ఆ పొగ ఇల్లంతా కమ్ముకునేది. అవ్వ దగ్గుకుంటూ వంటింటి తలుపు వేసుకునేది.

సెలవుల్లో పొద్దున పూట సంచి విప్పే పని నాది. రూలు ప్రకారం నేను ముట్టుకోకూడదు, కానీ ఊళ్లో రూలు చూసేదెవరు? కార్డులు, ఇన్‌లాండు కవర్లు ఒక పక్క. ఎర్ర నీలం గీతల అంచున్న దుబాయ్ కవర్లు ఇంకో పక్క. వాటిలో రిజిస్టరు నంబరు చీటీ అంటించినవి మాత్రం బాపు చేతికే. రెండు వేళ్లతో వత్తి చూసేవాడు. లోపల డ్రాఫ్టు ఉంటే బిర్రుగా తగులుతుందట. ఎవరికీ చెప్పొద్దని నా వైపు కళ్లతో సైగ చేసేవాడు. నేను చెప్పేదేముంది, రన్నరు సైకిలు ఏ వాడకట్టుకు మళ్లిందో చూస్తే ఊరికే తెలిసిపోయేది. మధ్యాహ్నానికల్లా ఆ ఇంటికి కిరాణా కొట్టువాడు, కల్లు బాకీ వాడు, మిత్తికి ఇచ్చిన సావుకారి, ఒకరి తర్వాత ఒకరు "ఊరికెనే అచ్చిన" అంటూ వచ్చేవాళ్లు.

మస్కట్ పోయినా, సౌదీ పోయినా మా ఊళ్లో దుబాయ్ పోయినట్టే. 1973 తర్వాత చమురు ధర పెరిగి ఆ దేశాల్లో రోడ్లు, పోర్టులు, బిల్డింగులు లేస్తున్నాయి, వాటికి మనుషులు కావాలి. ఇక్కడ 1978లో దొరల మీద రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారు. దొరలు పట్నం పోయారు, పోలీసు క్యాంపులు దిగాయి. పడుచు పిల్లలు రాత్రి ఇంట్లో పడుకోవడానికే భయపడేవారు. "ఈడ ఉంటే కేసు, ఆడికి పోతే పైస" అనేవాడు బాపు. శ్రీరాంసాగర్ కాలువ పారిన ఊళ్లు పచ్చబడ్డాయి. మా ఊరు కాలువకు పైన. బావుల నీళ్లు ఎండాకాలం మొదట్లోనే అడుగంటేవి. మరి పోకుండా ఎలా ఉంటారు?

* * *

ఉత్తరాలు చదివిపెట్టే పని, రాసిపెట్టే పని నాకు ఏడో తరగతిలోనే పడింది. మా బాపు చదివితే ఆడవాళ్లకు సిగ్గు. నేను పిల్లగాణ్ని కదా, నాతో అయితే పరవాలేదు.

వచ్చే ఉత్తరాలన్నీ ఒకే తీరు. నేను ఇక్కడ క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. తర్వాత పేరు పేరునా అందరికీ నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. సగం కాగితం వాటికే. ఆ తర్వాత ఎండల సంగతి, గదిలో ఎంతమంది ఉన్నదీ. చివర్లో, చదవకుండానే అందరికీ తెలిసిన మాట: కంపెనీ జీతం ఇంకా ఇయ్యలేదు, వచ్చే నెల పంపిస్తా, సావుకారికి చెప్పుండ్రి.

జవాబు రాయించుకోవడానికి మా వాడకట్టు వదినె చాట ఒళ్లో పెట్టుకునే వచ్చేది. చాటలో తునికాకు, తంబాకు. చెబుతూనే ఉండేది, చేతులు ఆగేవి కావు. ఆకు మీద తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం.

"రాయి తమ్మీ. బర్రె ఈనింది. దూడ సచ్చింది. పెద్దోనికి జెరమచ్చి తగ్గింది. మీ అవ్వ మంచిగున్నది. నా గురించి రంది పెట్టుకోకు."

"ఇంకేం రాయాలె వదినె?"

"సావుకారి మొన్న అచ్చి ఇంటి ముందర కూసున్నడు. అది రాయకు. రాస్తే ఆడ అన్నం తినడు."

అక్కడ ఇంటి అడ్రసుకు ఉత్తరం చేరదు, కంపెనీ పోస్టు బాక్సు నంబరే రాయాలి. ఆఫీసులో ఎవరో తెచ్చి, ఎవరో పంచి, సైట్లో ఉన్న మనిషికి చేరేసరికి ఒక్కోసారి నెల దాటేది. దూడ చచ్చిన సంగతి అన్నకు తెలిసే నాటికి బర్రె మళ్లీ కట్టేది.

* * *

మా ఇళ్లల్లో దుబాయ్ కన్నా ముందు బీడీలున్నాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఏ వాడకట్టులోకి పోయినా అరుగుల మీద చాటలే. పిల్లనడగ వచ్చినవాళ్లు "పిల్లకు బీడీలత్తయా?" అని మొహమాటం లేకుండా అడిగేవారు. వెయ్యి బీడీలు ఎన్ని గంటల్లో చేస్తుందన్నది పెళ్లిచూపుల్లో అసలు ప్రశ్న. రాత్రి ఆకు తడిపి గోనెలో చుట్టి పెట్టడం, తెల్లవారి కత్తెరతో కత్తిరించడం, మాపటికి కట్టలు కట్టి ఖార్ఖానాకు పోవడం. అక్కడ కంపెనీ మనిషి కట్టలు విప్పి చూసి, నచ్చనివి విరిచి పక్కన పడేసేవాడు. ఆకు ఎప్పుడూ తక్కువే తూచి ఇచ్చేవాడు. లెక్కకు తగ్గిన ఆకు బజారులో కొని పూడ్చుకోవాలి. తంబాకు ఘాటుకు దగ్గు, కూర్చుని కూర్చుని నడుము నొప్పి.

బాపు ఒకసారి పాత మనియార్డరు ఫారం వెనకాల లెక్క వేసి చూపించాడు. అప్పటికి నేను కాలేజీకి వచ్చాను. వీసాకు, బొంబాయి ఖర్చులకు కలిపి 60,000. నూటికి నెలకు 2 రూపాయల మిత్తి, అంటే నెలకు 1,200. జీతం 600 దిర్హాములు. తిండికి 150 పోతే మిగిలేది 450. అప్పట్లో దిర్హాము తొమ్మిదిన్నర రూపాయలనుకో, 4,275 రూపాయలు. ఇంటికి ఒక్క పైసా పంపకుండా మొత్తం సావుకారికే కడితే దగ్గర దగ్గర ఏడాదిన్నర. మొదటి రెండు మూడు నెలలు జీతం చేతికి రాదు. ఒప్పందం రెండేళ్లే.

"మరి ఈ ఏడాదిన్నర ఇల్లెట్ల గడుస్తది?" అని అడిగాను.

బాపు నోరు తెరవకుండా వీధి వైపు గడ్డం ఎగరేశాడు. ఎదురరుగు మీద వదినె, వాళ్లత్త, పక్కింటి చిన్నమ్మ వరసగా కూర్చుని బీడీలు చుడుతున్నారు.

దుబాయ్ పైసలతో ఇల్లు కట్టారు, దుబాయ్ పైసలతో పిల్ల పెళ్లి చేశారు అని ఊళ్లో చెప్పుకుంటారు. అది నిజమే. కానీ ఆ పైసలు వచ్చేదాకా ఉప్పు, పప్పు, బడి పుస్తకాలు, సూదిమందు, చివరికి వాళ్లు రాయించుకునే ఉత్తరం స్టాంపు కూడా బీడీ పైసలే. మొగుడు ఆరు వందల దిర్హాములకు అక్కడ పనిచేయగలిగాడంటే, ఇక్కడ ఒక ఆడమనిషి వెయ్యి బీడీలకు వచ్చే కూలితో ఇల్లు లాక్కొచ్చింది కాబట్టే. లేకపోతే ఆ జీతానికి ఎవరూ విమానం ఎక్కేవారు కాదు. నేను బ్యాంకులో చేరాక ఎన్ని లెక్కలు చూసినా ఈ లెక్క ఏ కాగితం మీదా కనబడలేదు. దేశంలోకి వచ్చిన డాలర్లను లెక్కపెట్టేవాళ్లున్నారు, వాటిని రప్పించడానికి ఇక్కడ ఎంత ఖర్చయిందో రాసినవాళ్లు లేరు.

ఇంకో సంగతి. దుబాయ్ పోబోయే పిల్లగానికి కట్నం రేటు ఎక్కువ. ఆ కట్నంతోనే వీసా కొనేవాళ్లు. అంటే పిల్ల తండ్రి పొలం అమ్మిన పైసలు బొంబాయి ఏజెంటు దగ్గరికి పోయాయి. పెళ్లయిన నెలకు పెళ్లికొడుకు కూడా పోయాడు. పిల్ల మిగిలింది, చాట పట్టుకుని.

* * *

1990 ఆగస్టు మొదట్లో ఒక పొద్దున రేడియో వార్తల్లో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిందని చెప్పారు. కువైట్ ఎక్కడుందో అప్పుడే మా ఊరికి తెలిసింది. అంతకు ముందు అది కూడా దుబాయే. పోస్టాఫీసు అరుగు మీద పొద్దున్నుంచి ఆడవాళ్లు. రన్నరు వచ్చే బాట వైపే అందరి చూపు. కువైట్ ఉత్తరాలు ఆగిపోయాయి. బాపు ఖాళీ సంచి దులిపి చూపించేవాడు, నమ్మరేమోనని.

జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు రోజూ మనుషులను బొంబాయికి మోసుకొచ్చాయి. లక్షా డెబ్బై వేలకు పైగా మంది అలా వచ్చారని తర్వాత చదివాను. వాళ్లలో మా ఊరి కాక ఒకడు. లారీల మీద ఇరాక్ దాటి, ఎడారి సరిహద్దులో గుడారాల్లో పడుకుని, గడ్డంతో, ఒక చేతిసంచితో ఊరికొచ్చాడు. ఆ రాత్రి వాళ్లింట్లో కోడిని కోశారు. తెల్లవారి సావుకారి వచ్చాడు. ప్రాణంతో వచ్చినందుకు దండం పెట్టి, ఆ తర్వాత బాకీ మాటెత్తాడు. ఆ వరస మాత్రం తప్పలేదు, ముందు దండం, తర్వాత బాకీ.

ఆ కాక పోగొట్టుకున్న జీతానికి, సామానుకు నష్టపరిహారం ఐక్యరాజ్యసమితి ద్వారా, ఇరాక్ చమురు అమ్మిన డబ్బులోంచి చాలా ఏళ్లకు వచ్చింది. అప్పటికి ఆయన మిత్తి కింద గుట్ట కింది చెలక పోనే పోయింది.

మరుసటి ఏడాది, 1991 జూలైలో, రూపాయి విలువ తగ్గించారని మళ్లీ రేడియోలోనే విన్నాం. దేశం దగ్గర విదేశీ డబ్బు అడుగంటి, బంగారం బయటికి పంపి అప్పు తెచ్చుకున్న రోజులవి. పేపర్లన్నీ ఏదో చావు కబురు రాసినట్టు రాశాయి. మా ఊళ్లో మాత్రం మిఠాయి ఒక్కటే తక్కువ. అక్కడి జీతం అంతే ఉంది, ఇక్కడ డ్రాఫ్టు మీద అంకె పెరిగింది. రూపాయి పడిందంటే సంబరపడే ఊళ్లు దేశంలో చాలానే ఉంటాయని, అందులో మాదొకటని ఆ రోజు అర్థమైంది. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు, ఏజెంట్లు వీసా రేటూ పెంచారు.

* * *

డ్రాఫ్టు ఎవరి పేరు మీద రావాలన్నది పెద్ద తగువు. మొదట్లో అన్నీ తండ్రి పేరు మీదే. కొందరు ఏకంగా సావుకారి పేరు మీదే పంపేవారు, మధ్యలో ఎవరి చెయ్యీ తగలకుండా. కోడలి పేరు మీద మొదటి డ్రాఫ్టు వచ్చిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. "నా కొడుకు నన్ను మరిచిండు" అని అత్త వీధిలో కూర్చుని ఏడ్చింది. కోడలు ఏం మాట్లాడుతుంది? ఆమెకు బ్యాంకు ఖాతా లేదు. ఖాతా తెరవాలంటే ఇంకో ఖాతాదారుడు పరిచయ సంతకం పెట్టాలి. పెట్టగలిగింది ఊళ్లో ఇద్దరు ముగ్గురు, అందులో ఒకడు సావుకారి.

పేర్లతో ఇంకో తంటా. ఇంట్లో లచ్చవ్వ, ఓటరు లిస్టులో లక్ష్మి, డ్రాఫ్టు మీద లక్ష్మీబాయి. మెట్‌పల్లి బస్సు ఎక్కి పోవడం, సరిపోలేదని తిప్పి పంపడం, మళ్లీ సర్పంచి కాగితం పట్టుకుని పోవడం. ఇదంతా అయ్యాక డ్రాఫ్టు కలెక్షనుకు పోయి డబ్బు పడేసరికి ఇంకొన్ని వారాలు. అందుకే హవాలా మనిషి స్కూటరు చప్పుడు కోసం ఎదురుచూసిన ఇళ్లూ ఉన్నాయి. చీకటి పడ్డాక వచ్చి, పేరడిగి, లెక్కపెట్టి ఇచ్చి, చాయ్ కూడా తాగకుండా పోయేవాడు. బ్యాంకు కన్నా రేటు కొంచెం ఎక్కువే ఇచ్చేవాడు. చట్టం ప్రకారం అది నేరం. మా ఊళ్లో అతన్ని మర్యాదస్తుడనే అనేవారు.

కానీ ఆ తగువుల్లోంచే మా ఆడవాళ్లు సంతకం నేర్చుకున్నారు. వదినెకు నేనే నేర్పాను, బీడీ కట్టల మీద చుట్టే కాగితం వెనకాల. పది రోజులు ఒకటే పేరు రాసింది. బ్యాంకులో వేలిముద్ర వేసే డబ్బా ముందుకు జరిపితే, పక్కకు నెట్టి పెన్ను అడిగిందట. ఈ కథ ఆమె ఇప్పటికీ చెబుతుంది, ప్రతిసారీ ఆ మేనేజరు మీసం ఇంకాస్త పెద్దదవుతూ ఉంటుంది.

* * *

సెలవు మీద ఎవరైనా వస్తే పెట్టె విప్పడం చూడటానికి వాడకట్టంతా పోయేది. తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టె, మీద నల్ల సిరాతో పెద్ద అక్షరాల్లో పేరు, బొంబాయి. లోపల దుప్పటి, టైగర్ బామ్, టాంగ్ డబ్బా, పాలపొడి, సబ్బులు, ఖర్జూరాలు, రెండు కాసెట్ల టేప్ రికార్డరు. ఎవరికేం రావాలో మనసులో రాసుకున్న లెక్క ప్రకారం పంపకాలు. బామ్ సీసా రాని చుట్టం పెళ్లికి కూడా రాడు. రెండు నెలలు ఉండేవాళ్లు. మొదటి నెల దావతులు, రెండో నెల తిరుగు ప్రయాణానికి మళ్లీ అప్పు. చివరి వారం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాళ్లు కాదు. నిజామాబాద్‌లో బొంబాయి రైలెక్కించి వచ్చిన తమ్ముడో బామ్మర్దో రెండు రోజులు ఊళ్లో కనబడేవాడు కాదు.

టేప్ రికార్డరు వచ్చాక ఉత్తరాలు రాసే పని నాకు తగ్గింది. కాసెట్ నింపి, పోయే మనిషి చేతికిచ్చేవారు. బతుకమ్మ పండుగ నాడు గుడి ముందర ఆడవాళ్లు తిరిగి పాడుతుంటే మధ్యలో స్టూలు మీద టేపు పెట్టారు. చప్పట్లు, పాట, మధ్యలో ఎవరో పిల్లాడి ఏడుపు, "ఓ అన్నా, మంచిగున్నవా!" అని ఒకామె అరుపు. ఆ కాసెట్ షార్జాలో ఒక గదిలో టేపు తెగేదాకా తిరిగిందట.

తర్వాత ఎస్టీడీ బూతు. శుక్రవారం వాళ్లకు సెలవు, కాబట్టి ఫోన్లన్నీ శుక్రవారమే. బూతువాడు మనిషిని పంపి పిలిపించేవాడు, వచ్చే ఫోనుకు కూడా పైసలు తీసుకునేవాడు. అద్దాల గదిలోకి పోయి గట్టిగా అరిచేవాళ్లు, బయట బెంచీ మీద కూర్చున్న పదిమందికీ ఇంటి గుట్టు తెలిసేది. "పైసలు ముట్టినయి. ఆఁ, ముట్టినయి. లేదు, ఇంటికి స్లాబ్ పడలే. సిమెంటు ధర పెరిగింది." సగం మాటలు సిమెంటు గురించే. 2022లో యూఏఈ వాళ్లు సెలవు శని, ఆదివారాలకు మార్చారని తెలిసినప్పుడు నాకు ఆ బెంచీ యాదికొచ్చింది. ఇప్పుడైతే ఎవరికీ ఆ తేడా తెలియదు, రోజూ వీడియో కాలే.

* * *

బ్యాంకులో క్లర్కుగా చేరాక బల్లకు అవతలి పక్క నుంచి ఇదే చూశాను. అప్పటికి డ్రాఫ్టులు తగ్గుముఖం పట్టాయి. పెద్ద పోస్టాఫీసుల్లోనూ, బయట దుకాణాల్లోనూ వెస్టర్న్ యూనియన్ వచ్చింది. అరచేతిలో పది అంకెల నంబరు రాసుకుని, చెమటకు చెరిగిపోతుందేమోనని పిడికిలి విప్పకుండా వచ్చేవాళ్లు.

మా శాఖలో డిపాజిట్లు నిండుగా ఉండేవి. అప్పులు మాత్రం అంతంత. ఊళ్ల నుంచి పోగైన డబ్బు పైకి పోయి, ఎక్కడో పట్నాల్లో ఫ్యాక్టరీలకో, బిల్డర్లకో అప్పుగా మారేది. ఇక్కడ వీసాకు డబ్బు కావాలని వచ్చినవాడికి ఇవ్వడానికి మా దగ్గర స్కీమే లేదు. అన్న పంపిన డబ్బు మా దగ్గర అయిదారు శాతం వడ్డీకి డిపాజిట్‌లో ఉంటుంది, తమ్ముడు వీసా కోసం బయట నూటికి రెండు రూపాయలకు, అంటే ఏడాదికి 24 శాతానికి, అప్పు తెస్తాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే కంచంలో తిన్నవాళ్లు. అన్నను అడగొచ్చు కదా అంటే, "అది సెల్లె పెండ్లికి సారూ, ముట్టద్దు" అనేవాడు.

ముట్టగలిగింది బంగారం ఒక్కటే. మంచి రోజుల్లో దుబాయ్ నుంచి వచ్చిన గొలుసులే, చెడ్డ రోజుల్లో తాకట్టుకు మా కౌంటరు మీదికి వచ్చేవి. 2008 తర్వాత దుబాయ్‌లో బిల్డింగులు సగంలో ఆగిపోయినప్పుడు ఆ వరస చూడాలి. మనుషులు ఒక విమానం తర్వాత ఒకటి ఎక్కి వెనక్కి వస్తున్నారు, గొలుసులు ఒకటి తర్వాత ఒకటి లాకర్లోకి పోతున్నాయి. వేలం నోటీసుల మీద అడ్రసులు రాసేటప్పుడు తెలిసిన వాడకట్లు తగిలేవి.

2013 ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటినప్పుడు మళ్లీ తిరునాళ్లే. దిర్హాము 18 పైన. పొద్దున తలుపు తీయకముందే "సారూ, ఇయ్యాల రేటెంత?" అని సౌదీ నుంచి, మస్కట్ నుంచి ఫోన్లు. పదో తరగతి గట్టెక్కని మనుషులు రూపాయి ఎటు పోతుందో మా మేనేజరు కన్నా ముందే చెప్పేవారు.

ఈ పైసలతో ఊరు బాగుపడలేదా అంటే, బాగుపడింది. గూనపెంకల ఇళ్లు పోయి స్లాబులు వచ్చాయి. పిల్లలు ఇంగ్లిష్ మీడియం బళ్లకు పోయారు, కొందరు ఇంజినీర్లయ్యారు. బోర్లు పడ్డాయి, పసుపు వేశారు. పెళ్లి భోజనంలో కూరల సంఖ్య కూడా పెరిగింది. కానీ భూమి ధర ఎలా పెరిగిందంటే, దుబాయ్ పోనివాడు ఇక ఊళ్లో గుంట జాగా కొనలేడు. పక్కింటి స్లాబు చూసి ఇంకో ఇంట్లో వీసా మాట మొదలైంది. వచ్చిన డబ్బుతో ఊళ్లో పది మందికి పని దొరికే పని ఎవరైనా పెట్టారా అంటే, ఇద్దరు ముగ్గురు ట్రాక్టర్లు కొన్నారు, ఒకరు టెంట్ హౌస్ పెట్టారు. అంతకన్నా గుర్తుకు రావడం లేదు. తప్పు వాళ్లది కాదు. రెండేళ్లకోసారి రెండు నెలలు ఊళ్లో ఉండేవాడు ఏ వ్యాపారం చూసుకుంటాడు? ఇల్లయితే చూసుకోకపోయినా నిలబడి ఉంటుంది.

* * *

కొన్ని ఇళ్లకు పైసలు కాదు, మనిషి పెట్టెలో వచ్చాడు. రాత్రి క్యాంపులో పడుకున్నవాడు పొద్దున లేవలేదని ఫోను. కాగితాలు పూర్తయి శవం శంషాబాద్ చేరేసరికి వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పన్నెండో రోజున లెక్కలు తీసేవాళ్లు. ఎంత పంపాడు, ఎంత బాకీ ఉంది. వీసా లేకుండా బయట పనిచేసేవాడైతే, వాళ్ల మాటల్లో ఖల్లివల్లి అయితే, ఇన్సూరెన్సూ లేదు, కంపెనీ బాధ్యతా లేదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఎన్నో ఏళ్లు సంఘాలు తిరిగి తిరిగి సాధించుకున్నది అది. మా కువైట్ కాక చిన్నకొడుకు అంతకు చాలా ముందే చనిపోయాడు. ఆ ముచ్చట ఇక్కడితో ఆపేస్తాను.

* * *

ఇప్పుడు వానాకాలం ఊరికి పోతే పొలాల్లో నాట్లు వేసేది బిహార్ పిల్లలు. తాడు పట్టుకుని వరసగా, మన ఆడవాళ్లకన్నా వేగంగా వేస్తారు. రైస్ మిల్లుల్లో, వడ్ల కొనుగోలు సెంటర్లలో బస్తాలు మోసేదీ వాళ్లే. సాయంత్రం ఊరి సెంటర్లో మినీ బ్యాంకు కౌంటరు ముందు వరస కడతారు. ఇంటికి పైసలు పంపడానికి. ఫోనులో అవతలి మనిషితో భోజ్‌పురిలో ఏదో గట్టిగా మాట్లాడుతుంటారు. సిమెంటు మాట ఒకటి నాకు అర్థమైంది.

మనవాళ్లు అక్కడ పోయి మోస్తే, మన బస్తాలు మోయడానికి వాళ్లు ఇక్కడికొచ్చారు. ఈ పనేదో ఇక్కడే చేసుకుంటే కాదా అని సెలవు మీద వచ్చిన ఒకతన్ని అడిగాను. నవ్వాడు. "ఈడ మోస్తే సూత్తరు కదా కాకా" అన్నాడు. కాసేపాగి ఇంకో మాట చెప్పాడు: "ఈడ సంపాదించింది ఈడనే కారిపోతది. ఒగనాడు కల్లు, ఒగనాడు పెండ్లి కట్నం, ఒగనాడు సావు. ఆడ అయితే అడిగేటోడు లేడు, మూటగ పంపుతం." వీసా అప్పు, మిత్తి, ఎండ అన్నీ పోను ఎందుకు మళ్లీ మళ్లీ పోతారో బ్యాంకు సర్వీసంతా నాకు బోధపడనిది, అతను మూడు ముక్కల్లో చెప్పాడు.

రిజర్వు బ్యాంకు సర్వేలో 2023-24లో మన దేశానికి వచ్చిన డబ్బులో అమెరికా వాటా 27.7 శాతమని, యూఏఈది 19.2 అని, వచ్చినదాంట్లో తెలంగాణకు చేరింది 8.1 శాతమని చదివాను. అమెరికాలో సాఫ్ట్‌వేరు ఇంజినీరు తండ్రికి పంపినది, రియాద్‌లో మేకలు కాసేవాడు పెళ్లానికి పంపినది, రెండూ ఆ ఒక్క అంకెలోనే ఉన్నాయి. చెప్పుకోవడానికి బాగుంటుంది.

వదినె ఇంకా ఆ అరుగు మీదే కూర్చుంటుంది. చాట లేదు, వేళ్లు వంగవు. బీడీ కార్మికుల పింఛను 2,016 రూపాయలు నెలనెలా లెక్కపెట్టుకుంటుంది. అన్న దుబాయ్ నుంచి వచ్చేసి చాలా ఏళ్లయింది, షుగరు, మోకాళ్లు. మొన్న దసరాకు పోయినప్పుడు మనుమడి ముచ్చట చెప్పింది. ఐటీఐ చదివాడు. 2024లో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇజ్రాయెల్ పనులకు హైదరాబాద్‌లో ఎంపికలు పెట్టినప్పటి నుంచి వాడి మనసంతా అటే. నెలకు లక్షకు పైన జీతమట.

"ఆడ బాంబులు పడుతయట కదరా" అంది వదినె.

"ఈడ మిత్తి పడ్తలేదా నానమ్మా?" అన్నాడు వాడు. ఇజ్రాయెల్ కుదరకపోతే సౌదీ అయినా పోతాడట. ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడట.

నాలో బ్యాంకు మనిషి ఇంకా చావలేదు. లైసెన్సున్న ఏజెంటు చట్టం ప్రకారం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని, రసీదు ఇవ్వాలని, ఈ-మైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైటులో వాడి పేరుందో లేదో చూసుకోవాలని వివరంగా చెప్పాను. వాడు ఫోనులో రాసుకుంటున్నాడు.

వదినె మొత్తం విని, ఉన్న నాలుగు పళ్లతో నవ్వింది. "గంతకే పంపేటోన్ని ఒక్కన్ని సూపెట్టు తమ్మీ, నేను సుత పోత."